లోపలి కలుపు

సంగారెడ్డి జిల్లాలోని రాయికోడ్ మండలము జహీరాబాదు సీమను ఆనుకొని యున్నది. 1948వ సంవత్సరము వరకు ఇది నిజాము నవాబుగారి యేలుబడిలోనిది. 2016వ సంవత్సరమున జిల్లాలు విభజింపబడు వరకు మెదకు జిల్లాలోనిది. ఇచట నల్లరేగడి నేల విస్తారము. వాన కురిసిన దినమున అడుగు తీసి అడుగు వేయుట కష్టము; ఎండలు ముదిరిననాడు అదే నేల నోరు తెరచి బీటలు వారును. మంజీరా నది యీ ప్రాంతమును ఒరసికొనుచు సింగూరు జలాశయమువైపు సాగును. కేతకీ సంగమేశ్వరస్వామి వెలసిన ఝరాసంగము ఇచటికి దూరము గాదు. దేవాలయము, మసీదు, చర్చి, మూడింటికిని పోవువారు ఒకే బావినీరు త్రాగి ఒకే సంతలో బేరములాడు సీమ యిది.

గత వానకాలమున మేము ఆ ప్రాంతమున నొక పల్లెకు పోయియుంటిమి. ఊరి పేరు చెప్పము. చెప్పినచో ఇంటి పేరు కూడ చెప్పినట్లగును. పది పండ్రెండుగురు స్త్రీలు కంది, పెసర కలిపి విత్తిన చేనిలో కలుపు తీయుచుండిరి. మధ్యాహ్నమైనంత వారు గట్టుమీది వేపచెట్టు నీడకు చేరి సద్దిమూటలు విప్పిరి. మమ్మును కూడ కూర్చుండబెట్టి జొన్నరొట్టెయు పచ్చిమిరప కారమును పెట్టిరి. మాటలమీద మాటలు సాగుచుండగా, వారిలో క్రైస్తవురాలగు నొక నడివయసు స్త్రీ మావైపు జరిగి మెల్లగా ఇట్లడిగెను:

“అమ్మా, బాప్తిస్మం దీసుకొని ఇర్వై ఏండ్లాయె. ఐతారం ఐతారం చర్చికి పోత. పొద్దుగాల లేసి ప్రార్థన జేస్త. అయినా మా యారాలు మొఖం జూస్తే కడుపుల మంట లేస్తది. నోట్ల మాట ఆగది. మరి నేను దేవుని బిడ్డనేనా, కాదా?”

తోడికోడలిని ఆ సీమలో యారాలందురు. తగవు పుట్టిన విధము విచారింపగా అది మిక్కిలి చిన్నది. మామగారి పొలము అన్నదమ్ములు పంచుకొన్ననాడు గట్టు నడుమనున్న చెట్టు ఎవరిపాలు గావలెనని మాటపట్టింపు వచ్చినది. మేము ఏ నీడను కూర్చుండి రొట్టె తినుచుంటిమో ఆ చెట్టే అది! నాటినుండి మూడేండ్లుగా ఇరువురికి మాటలు లేవు. ఒకే చర్చిలో ఒకే చాపమీద, నడుమ నలుగురిని ఉంచుకొని కూర్చుందురు. ప్రభుభోజన సంస్కారము జరుగు దినమున ఈమె రొట్టెయు ద్రాక్షారసమును పుచ్చుకొనక రెండుమారులు లేచి వచ్చివేసినది. “మనసుల విషం బెట్టుకొని ఆ గిన్నె ఎట్ల ముట్టుకోవాలె?” అని యామె మాట. రాబోవు ఆదివారము మరల ఆ సంస్కారము గలదు. అందుచేతనే ఆ ప్రశ్న.

ఆమెకు మేము వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిమి. ప్రశ్న చేనిగట్టున పుట్టినదే యైనను దాని వయస్సు మాత్రము వేలయేండ్లు.

మన భగవద్గీత మూడవ యధ్యాయమున అర్జునుడు దాదాపు ఇదే యడిగినాడు. ఇష్టము లేకున్నను ఎవరో బలవంతముగా నెట్టినట్లు మనుష్యుడు పాపమును చేయుటకు కారణమేమని ఆయన ప్రశ్న. కామమును క్రోధమును చూపి, ఇవియే శత్రువులని శ్రీకృష్ణుడు బదులు చెప్పెను. కామము, క్రోధము, లోభము, మోహము, మదము, మాత్సర్యము అని మన పెద్దలు లోపలి శత్రువులను ఆరుగా లెక్కించిరి. కావున ఈ పోరాటము ఏదో యొక మతమువారికి మాత్రమే వచ్చిన కష్టమని మన సోదరీమణులు తలపగూడదు. పోరాటము అందరిది. దానిని క్రైస్తవ ధర్మము ఎట్లు చూచునో, దానికి మార్గమేమని చెప్పునో తెలిసికొనుటయే యిప్పుడు మన పని.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున పౌలు అను భక్తుడు రోమాపట్టణమునందలి క్రైస్తవులకు ఒక లేఖ వ్రాసెను. అందు ఏడవ యధ్యాయము చదివిన వారికి ఆశ్చర్యము కలుగక మానదు. తాను చేయగోరిన మేలును చేయలేకున్నాననియు, ద్వేషించు కీడునే చేయుచున్నాననియు, మనస్సు ఒక ధర్మమును మెచ్చుకొనుచుండగా అవయవములలో వేరొక ధర్మము దానితో యుద్ధము చేయుచున్నదనియు అందు చెప్పినాడు. తుదకు తాను ఎంత దౌర్భాగ్యుడనని మొరపెట్టి, తన్ను విడిపించువారెవరని కేకవేసినాడు. వెంటనే యేసుక్రీస్తు ద్వారా విడుదల గలదని దేవునికి కృతజ్ఞత చెల్లించి, ఎనిమిదవ యధ్యాయమున ఆత్మానుసారమైన జీవితమును గూర్చి చెప్ప నారంభించినాడు.

ఈ మాటలు భక్తుడైన పిమ్మటి స్థితిని చెప్పునా, అంతకు పూర్వపు స్థితిని చెప్పునా అని పండితులు నేటికిని వాదించుచునే యున్నారు. ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్తీను అను మహాభక్తుడు (354–430) మొదట ఇవి కృప నెరుగనివాని మాటలని యెంచి, వయస్సు ముదిరిన పిమ్మట తన యభిప్రాయమును మార్చుకొని, ఇవి భక్తుని మాటలే యని వ్రాసెను. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో జాన్ వెస్లీ మరల మొదటి యభిప్రాయమునే పట్టెను. వాదము ఎట్లున్నను, ఆ యధ్యాయమును చదివి ఇది నా కథయే యని కన్నీరు పెట్టుకొనని క్రైస్తవుడు అరుదు.

ఇచట ఒక మాటను గూర్చి జాగ్రత్త పడవలసి యున్నది. మన తెలుగు బైబిలులో ఆత్మకు విరోధముగా నిలుచునది “శరీరము” అని యుండును. ఆ మాట విని పలువురు దేహమే పాపమనుకొందురు. అన్నము మాని, నిద్ర మాని, దేహమును కృశింపజేసినచో పాపము కూడ కృశించునని భ్రమపడుదురు. పౌలు గ్రీకుభాషలో వ్రాసెను. ఆ భాషలో దేహమునకు సోమ అను మాటయు, దేవుని విడిచి తనకొఱకే బ్రతుకగోరు స్వభావమునకు సార్క్స్ అను మాటయు ఆయన తరచుగా వాడెను. ఆ రెండవదియే యిచటి “శరీరము”. దేహమును ఆయన పరిశుద్ధాత్మకు ఆలయమని గౌరవించినాడు. గలతీయులకు వ్రాసిన లేఖ అయిదవ యధ్యాయమున ఆయన శరీరకార్యములను వరుసగా చెప్పినాడు. వానిలో జారత్వము, మత్తు మొదలగునవి కొన్ని మాత్రమే. ద్వేషము, కలహము, మత్సరము, క్రోధము, కక్షలు, అసూయ, ఇవియే యెక్కువ. వీనికి దేహబలముతో పనియేమి? మంచముపట్టిన ముసలమ్మకు కూడ అసూయ యుండవచ్చును. సారా దుకాణమువైపు ఎన్నడును తొంగిచూడని యిల్లాలు కూడ వంటయింటి గడపమీద కూర్చుండియే యీ పట్టికలో సగమును నెరవేర్పవచ్చును. ఈ సంగతి మనము పురుషులకంటె ముందుగా గ్రహింపవలసి యున్నది. ఏలయన ఊరంతయు చూచి నిందించు పాపములు తరచుగా వారివి. ఎవరికిని కనబడక ఇంటిలో పొగవలె నిలుచునవి తరచుగా మనవి.

తెలుగుదేశమున క్రైస్తవ సంఘములు పెరిగిన చరిత్ర చూచినను ఇదే పాఠము కనబడును. 1866వ సంవత్సరమున జాన్ క్లౌ అను అమెరికా బాప్టిస్టు మిషనరీ ఒంగోలు చేరెను. మాదిగవారిలో యెర్రగుంట్ల పేరయ్య మొదలగు భక్తుల మూలమున పలువురు క్రైస్తవులైరి. వారికి ఆయన ముఖ్యముగా మూడు నియమములు పెట్టెను: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఆయన బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంతభాగము గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. కాని ఆ కాలమున బాప్తిస్మము ఈయలేదు. కూటికొఱకు మతము పుచ్చుకొన్నారను మాట రాకూడదని ఆయన యభిప్రాయము. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3వ తేదీని ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ మూడు నియమములును ఆ జనులకు తేలికయైనవి గావు. పని మానినచో ఊరిపెద్దలకు ఆగ్రహము. జాతరలో డప్పు మ్రోయింపకున్నచో ఊరికంతకు ఆగ్రహము. దెబ్బలు తినియు వారు నిలిచిరి. అట్టి ధైర్యమునకు మేము చేయెత్తి నమస్కరింతుము. అయినను నియమము ఆపగలిగినది చేతిని, నోటిని మాత్రమే. ఆదివారము పని మానిన చేయి ఆ ఆదివారముననే పొరుగువాని గట్టును జరుపవలెనని తలంపవచ్చును. చచ్చిన మాంసము ముట్టని నోరు బ్రతికియున్న తోడికోడలిని నమలవచ్చును.

ఇది మతనియమములకు మాత్రమే కలిగిన కొరత గాదు. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరములు నేర్చుకొనుచు, ఆ పాఠముల స్ఫూర్తితో సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొన్నది. 1993లో సారాయును, 1995లో సమస్త మద్యమును ప్రభుత్వము నిషేధించినది. స్త్రీల చరిత్రలో అది మఱువరాని విజయము. కాని 1997లో ఆ నిషేధము సడలింపబడెను. అంగడి తలుపునకు తాళము వేయగలము గాని ఆశకు తాళము వేయు శాసనము ఇంతవరకు ఎవరును వ్రాయలేదు. చట్టము వలదని మేమనుట లేదు. చేనికి కంచె వలయును. అయితే కంచె వేసినంత మాత్రమున లోపలి కలుపు చావదు.

మరి లోపలి కలుపు చావకున్నచో బాప్తిస్మము వ్యర్థమేనా? ఇదియే కదా ఆ సోదరి ప్రశ్న.

జహీరాబాదు, బీదరు, వికారాబాదు ప్రాంతములలో సువార్త ప్రకటించినది అమెరికానుండి వచ్చిన మెథడిస్టు మిషను. మెదకు ప్రాంతమున పనిచేసినది ఇంగ్లండునుండి వచ్చిన వెస్లియను మిషను. ఛార్లెస్ వాకర్ పాస్నెట్టుగారు మెదకులో కట్టించి, 1924 డిసెంబరు 25వ తేదీని ప్రతిష్ఠ గావించిన గొప్ప దేవాలయము ఆ వెస్లియనులదే; 1947లో వారు దక్షిణ ఇండియా సంఘములో చేరిరి. ఈ రెండు శాఖలకును మూలపురుషుడు జాన్ వెస్లీయే (1703–1791). కావున రాయికోడ్ పల్లెలోని యాడుబిడ్డ ప్రశ్నకు ఆమె తాతగారి వంటి వెస్లీ యేమి చెప్పెనో విచారించుట న్యాయము.

ఆయన ప్రేమయందు సంపూర్ణత ఈ జన్మముననే సాధ్యమని బోధించినవాడు. పాపముతో రాజీపడుమని చెప్పు స్వభావము ఆయనది కాదు. అట్టివాడే 1763వ సంవత్సరమున విశ్వాసులలోని పాపమును గూర్చి ఒక ప్రసంగము వ్రాసెను. విశ్వాసము కలిగిన క్షణముననే మనుష్యునిలోని పాపమంతయు నశించిపోవునని ఆ కాలమున కొందరు చెప్పుచుండిరి. ఆ మాట నమ్మి, తమలో ఇంకను కోపము, గర్వము కనబడుటచే తాము భ్రష్టులమైతిమని దీనులు నిరాశపడుచుండిరి. వెస్లీ వారిని ఓదార్చెను. విశ్వసించినవారిలో పాపము నివసించును గాని రాజ్యము చేయదని ఆయన సిద్ధాంతము. పదచ్యుతుడైన రాజు కోటలోని యొక మూలను దాగియుండి తిరుగుబాటు చేయవచ్చును. కాని సింహాసనము వానిది కాదు. వాని అలజడి వినబడుచున్నదనగా కోటకు వేరొక ప్రభువు వచ్చినాడనియే అర్థము. పూర్వము అలజడి లేకుండుటకు కారణము, ఎదిరించువాడు లేకుండుటయే.

కాబట్టి పోరాటము నడుచుచున్నదనుట ఆత్మీయజీవితము చచ్చినదనుటకు సాక్ష్యము కాదు, బ్రతికియున్నదనుటకే సాక్ష్యము. శవమునకు ముల్లు గ్రుచ్చినను నొప్పి లేదు కదా.

వెస్లీకి ఇట్టి బుద్ధి కలుగుటకు ఆయన తల్లి కొంతవరకు కారణము. సుసన్నా వెస్లీ పందొమ్మిదిమంది బిడ్డలను కన్నది. వారిలో సగమునకు దగ్గరగా పసితనముననే పోయిరి. మిగిలినవారిలో ఒక్కొక్కరికి వారమున నొక్కొక్క సాయంకాలము కేటాయించి, ఏకాంతమున వారి మనస్సు సంగతి విచారించుచుండెడిది. జానుకు గురువారము. పెద్దవాడై విశ్వవిద్యాలయమున నున్నప్పుడు పాపమునకు గురుతేమని తెలిసికొనగోరిన ఆయనకు 1725లో ఆమె వ్రాసిన జాబు మిక్కిలి ప్రసిద్ధము. ఏది బుద్ధిని మందగింపజేయునో, మనస్సాక్షిని మొద్దుబారజేయునో, దేవుని తలపును మరుగుపరచునో, మనస్సుపై దేహమున కధికారము పెంచునో, అది స్వతహాగా ఎంత నిర్దోషమైనదైనను నీకు పాపమే యని దాని తాత్పర్యము. ఇది పండితుని నిర్వచనము కాదు. ఇంటిలో బిడ్డల కలహములు తీర్చుచు, అప్పులవారికి సమాధానము చెప్పుచు బ్రతికిన తల్లి కనుగొన్న కొలత.

ఆ కొలత ఎంత యవసరమో అగస్తీను తల్లియైన మోనికా బాల్యము తెలుపును. కుమారుడే తన ఆత్మకథలో ఈ వృత్తాంతమును వ్రాసెను. చిన్నతనమున ఆమెను పెద్దలు పీపాలోని ద్రాక్షారసము తెచ్చుటకు పంపుచుండిరి. పాత్ర ముంచినప్పుడు కేవలము అల్లరికి పెదవులకు తగిలించుకొనెడిది. రుచియైనను నచ్చలేదు. కాని ప్రతిదినము కొంచెము కొంచెము పెరిగి, తుదకు గిన్నెలకు గిన్నెలు త్రాగు అలవాటైనది. ఒకనాడు కోపముతో దాసి యొకతె “త్రాగుబోతా” అని నిందించెను. ఆ మాట ముల్లువలె నాటుకొని మోనికా నాటితో ఆ యలవాటు మానినది. ఆమెయే తరువాత, త్రోవ తప్పిన కుమారునికొఱకు ఏండ్ల తరబడి కన్నీటితో ప్రార్థించిన తల్లి. ఆ కుమారుడు పరిశుద్ధతను కోరుచునే యిప్పుడే వలదని వాయిదా వేయుచు, 386లో మిలాను పట్టణమున ఒక తోటలో తనతో తాను పెనుగులాడి లొంగినాడు. మరుసటియేట బాప్తిస్మము పొందినాడు. కుమారుని గొప్ప పోరాటమునకు ముందు తల్లి చిన్న పోరాటమొకటి గలదని మనము మఱువరాదు. పాపము మొదట పెదవులకు తగులును. గిన్నె నిండుట తరువాతి మాట.

మరి దినదినము ఇంటిలో నుండు స్త్రీ చేయవలసినదేమి? ముందుగా పాపమును దాని పేరుతో పిలువవలెను. మనము అసూయకు “ఉన్నమాట చెప్పితిని” అని పేరు పెట్టుదుము. కక్షకు ఆత్మగౌరవమనియు, పిసినారితనమునకు పొదుపనియు, పరనిందకు లోకాభిరామాయణమనియు పేర్లు పెట్టుదుము. దొంగకు అల్లుడని పేరు పెట్టి ఇంటిలో కూర్చుండబెట్టినచో వానిని పంపించుట ఎట్లు? ఆ పిమ్మట అది లేతగా నున్నప్పుడే పెరికివేయవలెను. కోపము మీద ప్రొద్దు గ్రుంకనీయవలదని పౌలు ఎఫెసువారికి చెప్పిన బుద్ధి ఇల్లాండ్రకు మిక్కిలి యక్కరకు వచ్చునది. నాటి తగవు నాడు తీరినచో ఒక మాటతో తీరును. మూడేండ్లు నిలిచినచో దానికి వేళ్లు పుట్టును, బంధువులు పుట్టుదురు, చరిత్ర పుట్టును.

అంతటితో చాలదు. యేసుప్రభువు చెప్పిన యొక ఉపమానము మనకు బాగుగా తెలియదగినది. అపవిత్రాత్మ యొకటి మనుష్యుని విడిచిపోయి, తిరిగి వచ్చి చూడగా ఇల్లు ఊడ్చి, అమర్చి, ఖాళీగా నున్నదట. అది పోయి తనకంటె చెడ్డవానిని ఏడింటిని వెంటబెట్టుకొని వచ్చి కాపురము చేసినదట. ఇల్లు ఊడ్చినంతట చాలదు. ఇంటిలో ఎవరైన నివసింపవలెను. కోపమును మానవలెనని పండ్లు కొరుకుకొనుచు కూర్చుండుట ఖాళీ యిల్లు. ఆ చోట దేవుని వాక్యము, ప్రార్థన, రోగికి గంజి కాచి పోయుట, పొరుగుబిడ్డకు తలదువ్వుట, ఇట్టివి చేరవలెను. పౌలు శరీరకార్యములని బహువచనమున చెప్పి, ఆత్మఫలమని ఏకవచనమున చెప్పుట గమనింపదగినది. ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయ, మంచితనము, నమ్మకము, సాత్వికము, ఆశానిగ్రహము అను తొమ్మిదియు ఒకే ఫలము. కార్యములు మనము చేయునవి, ఫలము కాయునది. రైతు చేను దున్నును, నీరు కట్టును, కలుపు తీయును. గింజను మాత్రము చేతితో చేయలేడు. క్రైస్తవులు కృప యనునది ఇదియే.

ఒంటరిగా పోరాడుట కూడ మంచిది కాదు. 1742లో బ్రిస్టలు పట్టణమున వెస్లీ అనుచరులు ఒక మందిర ఋణము తీర్చుటకై వారమున కొక పెన్నీ చొప్పున వసూలు చేయుటకు పండ్రెండేసిమంది జట్టులుగా ఏర్పడిరి. అప్పు వసూలునకు పోయినవారికి ఇండ్లలోని అసలు సంగతులు తెలియవచ్చెను. అంతట ఆ జట్టులే వారమున కొకమారు కూడి, ఒకరి యాత్మస్థితిని ఒకరు విచారించుకొను తరగతులైనవి. మన చర్చీలలోని స్త్రీల సమాజములు వంటపాత్రలు కొనుటకును, పండుగ ఏర్పాట్లకును కూడుట మంచిదే, దానితోపాటు “ఈ వారము నీ మనస్సు ఎట్లున్నది?” అని యొకతె మరియొకతెను నిజముగా అడుగగలిగినచో ఎన్ని కాపురములు నిలుచును! అడిగినది అచటనే దాచుకొనవలెను. బావిగట్టుకు చేరినచో ఆ ప్రశ్న మరల పుట్టదు.

ఒక హెచ్చరిక చేయక ముగింపరాదు. తనలోని పాపముతో పోరాడుమనుట వేరు. ఇతరుల పాపమును మ్రింగి యూరకుండుమనుట వేరు. త్రాగి వచ్చి కొట్టు భర్త యెదుట “నీ శరీరస్వభావమును చంపుకొని ఓర్చుకొనుము” అని స్త్రీకి బోధించువారు వాక్యమును తలక్రిందులు చేయుచున్నారు. ఆ యింట చంపుకొనవలసిన స్వభావము కొట్టువానిది. దెబ్బలనుండి తప్పించుకొనుట, పెద్దలకు గాని పోలీసులకు గాని చెప్పుకొనుట పాపము కాదు. అట్లే సంతోషము లేక దిగులుతో నిద్రాహారములు పోయినవారిని పాపులని తీర్చక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. పాపము కానిదానిని పాపమనుట కూడ ఒక యబద్ధమే.

ఇక ఆ చేనిగట్టునకు పోదము. ఇంత వేదాంతము మేము ఆమెకు చెప్పలేదు. చెప్పుటకు అది సమయమును కాదు. “ఈ చేనిలో విత్తనము మంచిదేనా?” అని మాత్రము అడిగితిమి. “మంచిదే” ననెను. “అయితే ఈ కలుపు ఎందుకు మొలచినది?” అంటిమి. ఆమె నవ్వినది. “పదును ఉంటే గడ్డి గూడ మొలుస్తదమ్మా. బండ మీద గడ్డి మొలుస్తదా?” అని, ఒక క్షణము ఊరకుండి, చేతిలోని రొట్టెముక్కను అట్లే పట్టుకొని మావైపు చూచినది. తన ప్రశ్నకు తానే ఉత్తరము చెప్పుకొన్నట్లు ఆమెకు తోచినదని ముఖము చూచి గ్రహించితిమి. “ఎన్నిమారులు తీయుదురు?” అని మరల అడిగితిమి. “రెండుసార్లన్న దియ్యాలె. దియ్యకుంటే చేను మిగులదు.”

బలిపీఠమునొద్ద అర్పణము విడిచి, ముందు సహోదరునితో సమాధానపడి, పిమ్మట వచ్చి అర్పింపుమని ప్రభువు కొండమీద చేసిన ప్రసంగమున చెప్పిన మాట ఆమెకు మాకంటె బాగుగా తెలియును. ఆ గిన్నెను ముట్టక లేచి వచ్చుటలో ఆమె సగము పని చేసినది. మిగిలిన సగము యారాలి యింటికి పోవుట.

ఆ సాయంకాలము ఆమె పోయినది. మేము వీధిచివర అరుగుమీద కూర్చుంటిమి. చేతిలో చిన్న గిన్నెతో పచ్చి పెసరకాయలు పట్టుకొని పోయినది. పల్లెటూళ్లలో ఉత్తచేతులతో పోయి మాటలాడుట కష్టము. కొంతసేపటికి తిరిగి వచ్చెను. గిన్నె చేతిలో లేదు. తలుపు సగమే తెరచిరట. గిన్నె లోనికి పుచ్చుకొనిరట. కూర్చుండుమని మాత్రము అనలేదట.

“నోరు దాకొచ్చిందమ్మా మాట. మూడేండ్ల సంది నేను పడ్డది అంత చెప్పబోయిన. ఆపుకొని వచ్చిన.” ఇట్లు చెప్పి కొంగుతో ముఖము తుడుచుకొనెను. “గిన్నె తెచ్చుకొనే సాకు ఉన్నది గద. ఐతారం లోపట ఇంకోసారి పోత.”

మరునాటి ఉదయము మేము ప్రయాణమైతిమి. అప్పటికే ఆమె చేనిలో నుండెను. నిన్న తీసిన సాలును విడిచి, తీయని సాలును పట్టినది. రాత్రి చిరుజల్లు పడినది. నిన్న తీసిన సాలులో కూడ ఒకటి రెండు చోట్ల సన్నని పచ్చని మొలకలు తల యెత్తుచుండెను. ఆమె వానిని చూచి విసుగుకొనలేదు. వంగి, వ్రేళ్లతో పెకలించి గట్టుమీద పడవేసి, మాకు చేయి యూపినది.